అయిదో తారీకు కంటే ముందు

పోయినవి ముందు రాస్తాను. అప్పు చేతికి రాకముందే ఖర్చుల కింద పట్టుకున్నది పద్దెనిమిది వందలు. బ్యాంకు కోసుకున్నది మూడు వేల అయిదు వందల నలభై. అప్పిచ్చిన యాప్ వాళ్లు జరిమానా వేసింది రెండు వేల ఒక వంద. మొత్తం ఏడు వేల నాలుగు వందల నలభై రూపాయలు. రెండు వేల వడ్డీ కూడా ఉంది గాని, అది ఒప్పుకుని తీసుకున్నది కాబట్టి పోయినదాని కింద వెయ్యను. ఇక రూపాయల్లోకి రానివి: క్రిస్మస్ నాడు పాడవలసిన ఒక కీర్తన, మా చర్చిలో ఆడవాళ్ల బెంచీ మీద గోడవైపు ఒక చోటు, పై పలువరస ఒకటి.

ఆ పలువరస మాత్రం నిజానికి పోలేదని ఈ మధ్యే తెలిసింది. మా నర్సీపట్నంలో పళ్ల డాక్టరుగారి క్లినిక్ నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. కార్డు మీద నా నంబరే ఉందట. కట్టుడు పళ్ల సెట్టు తయారై ఏడాది అయింది, మేం వేరే సందులోకి మారిపోతున్నాం, వచ్చి తీసుకుంటారా, పారెయ్యమంటారా అని అడిగింది. వస్తానన్నాను. ఫోను పెట్టేసి కొట్టులో తూకం చీటీల మీద చెయ్యి పెట్టుకుని కూచున్నాను. ఎదురుగా గొలుగొండ నుంచి వచ్చిన రైతు తన బెల్లం దిమ్మలు ఎన్నయ్యాయని రెండుసార్లు అడిగాడు.

ఆ పళ్లు ఎవరివో ఆమె పేరు రాయను. ఒక ప్రైవేటు స్కూలు హాస్టల్లో వంట చేసేది. హాస్టలు పిల్లలు ఆంటీ అనేవారు. మా సంఘంలో పాటల ఆంటీ అనేవారు. నాకు ఆమె మొదట ఒక చెయ్యిగా గుర్తొస్తుంది. ఎడమ చెయ్యి. మాట్లాడేటప్పుడు, నవ్వేటప్పుడు, ఆవలించేటప్పుడు, ఆఖరికి ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు కూడా ఆ చెయ్యి నోటికి అడ్డంగా ఉండేది. చిగుళ్ల జబ్బుతో పై పళ్లు ఒకదాని వెంట ఒకటి రాలిపోయాయి. నలభై అయిదేళ్లు దాటీదాటక ముందే పైన ఒక్క పన్ను లేదు. కింద వరస గట్టిదే. "కిందోడు ఉన్నాడు గానీ పైవోడు సచ్చిపోనాడు బాబూ, ఒక్కడే తిరగలి తిప్పలేడు గదా," అనేది, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆమెది కొయ్యూరు పైన కొండ ఊరు. అక్కడ ఒక చెల్లెలు ఉంది, కొయ్యూరు సంతలో సరుకు అమ్ముకుంటుంది. ఇక్కడ మా చర్చి వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. ఇంటాయన పోయి చాలా కాలమైంది. నూటఇరవై మంది పిల్లలకు వండుతూ ఏనాడూ ఏదీ కొలిచి వెయ్యలేదు. ఉప్పు గుప్పెటతో తీసి, గుప్పెట విప్పకుండా ఒకసారి ఊపి చూసి వేసేది. కూర రుచి అరచేతిలో వేసుకుని నాలుకతో అందుకునేది. ఒకసారి సంఘం విందుకు ఆమె వండుతుంటే ఎన్ని గుప్పెళ్లు వేశావని అడిగాను. చెయ్యి చాలంటే చాలు అంది. లెక్క లేకుండా ఎలా కుదురుతుందమ్మా అన్నాను. "మీ పెళ్లిలో కూడా మీరు ఇస్తరాకులు లెక్కెట్టేసుంటారు," అంది. నిజానికి లెక్కపెట్టాను. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

నేను బెల్లం కొట్టులో గుమాస్తాను. పదో తరగతితో ఆపేశాను. వడ్డీ లెక్కలు, బాకీ లెక్కలు, తరుగు లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. చర్చిలో కానుకలు లెక్కపెట్టే పని కూడా నాదే. సందులోవాళ్లకు బ్యాంకు మెసేజీ వస్తే నా దగ్గరికి పట్టుకొస్తారు. ఆమె నన్ను చర్చిలో అన్నయ్యగారూ అనేది, కొట్టు దగ్గర బాబూ అనేది. ఒక మనిషినే రెండు చోట్ల రెండు పిలుపులేమిటని అడిగితే, అక్కడ దేవుడి లెక్క చూస్తారు, ఇక్కడ సేటు లెక్క చూస్తారు, రెండూ ఒకటేనా అంది.

ఆమె జీతం తొమ్మిది వేల అయిదు వందలు. బ్యాంకులో పడేది. పడగానే దశమభాగం, అంటే తొమ్మిది వందల యాభై, ముందు తీసి కవరులో పెట్టేది. ఆ తరువాతే అద్దె, ఆ తరువాతే బియ్యం. ఇంట్లో ఎసరు పెట్టేటప్పుడు కూడా అంతే. మొదటి పిడికెడు బియ్యం చర్చి సంచిలో పడితేగాని రెండో పిడికెడు గిన్నెలో పడేది కాదు. ఇది మా సంఘంలో చాలామంది ఆడవాళ్లు చేసేదే. కాని వాళ్లు మరిచిపోయిన పూటలుంటాయి. ఆమెకు లేవు.

పళ్లు పెట్టించుకోవాలని ఆమెను ఒప్పించింది పాట. ఆమె గొంతు చాలా పైకి వెళ్లేది. ఏళ్ల తరబడి క్రిస్మస్ ఆరాధనలో మొదటి కీర్తన ఆమె ఎత్తుకుంటేనే సంఘం అందుకునేది. పళ్లు పోయాక గాలి ముందుకు తన్నుకొచ్చి మాటలు జారిపోయేవి. ముందు వరసలో ఒకరిద్దరు ఆడపిల్లలు నవ్వారు. అప్పటినుంచి గోడవైపు జరిగి, కొంగు నోటికి పెట్టుకుని, అందరి గొంతుల కింద పాడేది. నేను మగవాళ్ల వైపు కూచున్నా ఆ గొంతు ఎక్కడుందో తెలిసేది.

డాక్టరుగారు పై వరస మొత్తానికి పన్నెండు వేలన్నారు. ఏడు వేల అయిదు వందలు ముందు, సెట్టు ఇచ్చే రోజున నాలుగు వేల అయిదు వందలు. హాస్టల్లో తోటి పనిమనిషి ఆమె ఫోనులోనే ఒక యాప్ పెట్టి అప్పు ఇప్పించింది. రాసుకున్నది పది వేలు. చేతికొచ్చింది ఎనిమిది వేల రెండు వందలు. నెలకు రెండు వేల నాలుగు వందల చొప్పున అయిదు నెలలు, ప్రతి నెలా అయిదో తారీకున, జీతం పడే ఖాతాలోంచి వాళ్లే తీసుకుంటారు. ఫోనులో ఎక్కడో సరే అని నొక్కింది. అదే అనుమతి. అలా నొక్కినట్టు ఆమెకు గుర్తు కూడా లేదు.

ఆగస్టులో కోశారు. సెప్టెంబరులో కోశారు. ఆ సెప్టెంబరులో ఒక సాయంత్రం కొట్టుకు వచ్చి తూకం పక్కన నిలబడింది. అప్పు ఎంత మిగిలిందో అడుగుతుందనుకున్నాను. ఆమెకు పట్టింది అది కాదు. ఫోను నా ముందు పెట్టి మెసేజీ చూపించింది. జీతం అయిదో తారీకు పొద్దున పడింది. తాను మధ్యాహ్నం పిల్లలకు వడ్డించి బ్యాంకుకు వెళ్లేలోపు యాప్‌వాడు కోసేసుకున్నాడు.

"దేవుడి కంటే ముందు ఆడు తీసేసుకుంటన్నాడు బాబూ," అంది. "నాను ఎగ్గొట్టను. నా సేత్తో నానే ఇస్తాను. ముందు దేవుడికి తీసి, అప్పుడు ఆడికి ఇస్తాను. ఇలగ దారికాసి పట్టుకుపోతే ఎలగ?"

క్రిస్మస్ లోపల పళ్లు తెచ్చుకోవాలి, అందుకని రెండు మూడు నెలలు ఈ కోత ఆపించాలి, ఆ తరువాత మొత్తం తన చేత్తో కట్టేస్తాను, ఇదీ ఆమె అడిగింది. ఇందులో అన్యాయం నాకేమీ కనిపించలేదు. ఎలా ఆపాలో మాత్రం నాకు తెలియదు. తెలియదని చెప్పడం నాకు అలవాటు లేదు.

దారికాయడం అనే మాట దగ్గర తన తల్లి సంగతి చెప్పింది. కొండ మీద నుంచి చింతపండు గంపలతో కొయ్యూరు సంతకు దిగేవాళ్లట. ముందుగా బియ్యానికో బట్టకో డబ్బిచ్చిన షావుకారు మనిషి సంత దాకా రానిచ్చేవాడు కాదు. ఊరి బయట కల్వర్టు దగ్గర నిలబడి, అక్కడే తన కాటాతో తూచి, తన ధరకు తీసేసుకునేవాడు. తల్లి ఒక ఉపాయం కనిపెట్టింది. కోడి కూయకముందే బయలుదేరి, గెడ్డ వాగు వెంబడి దారిలో దిగి, అతను కల్వర్టు మీదికి వచ్చేసరికి సంతలో గంప దించేసేది. సరుకు మంచి ధరకు అమ్ముకుని, ఆ తరువాత తానే వెళ్లి అతని బాకీ చేతిలో పెట్టేది.

నాకు ఆ కథ నచ్చింది. నా తెలివికి అది సరిగ్గా అతికింది. "మీ అమ్మ చేసిందే నువ్వూ చెయ్యమ్మా," అన్నాను. "జీతం పడిన గంటలో మొత్తం తీసెయ్. అయిదో తారీకున వాళ్లు వచ్చి చూస్తే ఖాతా ఖాళీగా ఉంటుంది. లేని డబ్బు ఎవరు తీసుకుంటారు?"

ఆమె ఎంత సంతోషపడిందంటే, చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఒక్క క్షణం మరిచిపోయింది.

అక్టోబరులో జీతం మూడో తారీకున పడింది. మెసేజీ మోగగానే అన్నం గుండిగ దించి, పక్కామెకు అప్పజెప్పి, బేగి వచ్చేస్తానని పరుగున ఏటీఎంకి వెళ్లిందట. వచ్చి నాకు కథలా చెప్పింది. తనకంటే ముందు ఇద్దరున్నారు, వాళ్లలో ఒకడు కార్డు తిప్పి తిప్పి పెడుతున్నాడు, ఈలోపు ఆ యాప్‌వాడు వచ్చేస్తాడేమోనని వెనక్కి తిరిగి రోడ్డు చూసుకున్నదట. అయిదో తారీకుకు ఇంకా రెండు రోజులుంది కదమ్మా అంటే, ఆళ్లని నమ్మలేం అంది. ఆ నెల దశమభాగం కవరు మీద చిన్న నక్షత్రం బొమ్మ గీసింది. ఆదివారం లెక్కపెట్టేటప్పుడు చూశాను. తొమ్మిది వందల యాభై, కొత్త నోట్లు. రెండు వేల నాలుగు వందలు పళ్ల కోసం మూటకట్టింది.

నాకు తెలియనిది ఇది. ఖాళీ ఖాతాను వాళ్లు తట్టిన ప్రతిసారీ బ్యాంకు అయిదు వందల తొంభై రూపాయలు ఖాతాదారు నెత్తిన వేస్తుంది. యాప్‌వాళ్లు తమ వంతు మూడు వందల యాభై వేస్తారు. వాళ్లు ఒకసారి తట్టి ఊరుకోరు. ఆ నెలలో మూడుసార్లు తట్టారు. కల్వర్టు మీద మనిషి ఊరికే నిలబడతాడు. వీళ్లు నిలబడినందుకు కూడా తీసుకుంటారు. ఒక్కో తట్టుకు తొమ్మిది వందల నలభై.

నవంబరు జీతం పడుతూనే బ్యాంకు తన పదిహేడు వందల డెబ్బై పట్టేసుకుంది. ఏడు వేల ఏడు వందల ముప్ఫై మిగిలింది. ఆమె ఫోను పట్టుకుని వచ్చింది. కొట్టులో ఇద్దరు రైతులున్నారు, మా యజమాని ఉన్నాడు. మెసేజీలు చూశాను. ఒకే అంకె మూడుసార్లు. అంకె మూడుసార్లు ఒకేలా ఉంటే అది పొరపాటు కాదు, పద్ధతి. అంత మాత్రం నాకు తెలుసు. అప్పుడే లేచి, ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి ఉంటే, ఆ నెల అయిదో తారీకుకి ఇంకా ఒక రోజు టైముంది.

బ్యాంకు వాళ్లదేదో పొరపాటు, తిరిగి పడుతుంది, ఈ నెల కూడా అలాగే తీసెయ్ అన్నాను.

అలాగే తీసేసింది. మళ్లీ మూడుసార్లు తట్టారు. మొదటి మూడు తట్లూ నా తెలియనితనానివి. తరువాతి మూడూ నా పరువుకోసం.

ఆ నెల కూడా కవరులో తొమ్మిది వందల యాభై ఉంది. చేతికొచ్చింది తక్కువ కదా, ఏడు వందల డెబ్బైమూడు వేస్తే చాలు అని చెప్పాను. పడింది తొమ్మిదిన్నర వేలే, దారిలో పోతే దేవుడేం చేస్తాడు అంది. ఆ డబ్బు నేనే లెక్కపెట్టి, నేనే రాసి, పాస్టరుగారి ముందు పెట్టాను. ఆమె ఆ నెల రాత్రిపూట హాస్టల్లో మిగిలిన అన్నంతోనే గడుపుతోందని నాకు తెలుసు. ఎందుకంటే పిడికెడు బియ్యం సంచి ఆ నెల తేలికగా వచ్చింది. ఇంట్లో ఎసరు పెట్టనిదే పిడికెడు పడదు కదా.

ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. యాప్‌వాళ్ల తరఫున ఎవరో కుర్రాళ్లు. ముందు ఆమెకు, తరువాత ఆమె ఫోనులో నంబర్లున్న ఆడవాళ్లకు. మీ ఫ్రెండు అప్పు తీసుకుని ఎగ్గొట్టింది, చెప్పండి అనేవారట. ముగ్గురో నలుగురో పాటల బృందం వాళ్లకు వెళ్లాయి. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. కాని మర్నాటి ప్రాక్టీసుకి ఆమె రాలేదు. ఆ తరువాత ఆదివారం వెనక బల్ల మీద, చెప్పుల దగ్గర కూచుంది. గోడవైపు చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరూ జరిగి కూచోలేదు. అది మర్యాదో మరొకటో నాకు తెలియదు.

డిసెంబరు రెండున జీతం పడి మళ్లీ పదిహేడు వందల డెబ్బై పోగానే ఆమెను తీసుకుని బ్యాంకుకు వెళ్లాను. కౌంటరులో ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ. విషయం విని తెల్ల కాగితం ఇచ్చింది. ఖాతా నంబరు, ఎవరికి ఎంత కోసే అనుమతి, దాన్ని రద్దు చెయ్యమని ఒక ముక్క, సంతకం. అంతే. అయిదో తారీకుకు ముందు ఇచ్చారు కాబట్టి ఇక వాళ్లు అడిగినా మేం ఇవ్వం, అలా అని అప్పు పోదు, అది మీరు వాళ్లకు కట్టుకోవాలి అని విడమరిచి చెప్పింది. ఆమె సంతకం చేస్తుంటే ఆఫీసరమ్మ నావైపు తిరిగింది.

"ముందే రావలసిందండి. అక్టోబరులో వచ్చుంటే ఇవేవీ పడేవి కాదు. పది నిమిషాల పని."

ఆ మాట ఆమె వింది. నేను విన్నట్టు ఆమె చూసింది.

బయటికి వచ్చాక మెట్ల దగ్గర ఆగింది. బ్యాంకు అంటే కొట్టు లాంటిదే గనక బాబూ అంటుందనుకున్నాను.

"అన్నయ్యగారూ," అంది. "తట్టుకి తట్టుకి డబ్బని మీకు ముందు తెల్దా?"

తెలియదమ్మా అంటే సరిపోయేది. నవంబరులో తెలిసింది అంటే ఇంకా బాగుండేది. "ఈ మధ్యే రూలు మార్చారు," అన్నాను.

"అలగా," అంది.

చెయ్యి నోటికి అడ్డం ఉంది. వెనక ఆమె నవ్విందో, పెదవి కొరుక్కుందో, ఏమీ చెయ్యలేదో నాకు కనిపించలేదు. మనసులో ఎన్నిసార్లు ఆ మెట్ల మీదికి వెళ్లి చూసినా కనిపించలేదు.

ఆ వారమే ఒక సాయంత్రం పళ్ల కోసం కట్టిన డబ్బు మూట తెచ్చి నా బల్ల మీద విప్పింది. అక్టోబరువి రెండు వేల నాలుగు వందలు, నవంబరువి ఆరు వందల ముప్ఫై, డిసెంబరువి ఆరు వందల ముప్ఫై. మొత్తం మూడు వేల ఆరు వందల అరవై. క్లినిక్‌లో సెట్టు అప్పటికే సిద్ధంగా ఉంది. ఎనిమిది వందల నలభై తక్కువ. క్రిస్మస్‌కి ఇంకా వారాలున్నాయి. ఆ ఎనిమిది వందల నలభై ఆ నిమిషంలో నా జేబులో ఉంది.

ఇది యాప్‌వాడికి కట్టెయ్యండి అంది. వాడి కొట్టు ఎక్కడుందో చెబితే తానే వెళ్లి ఇచ్చి వస్తానంది. వాడికి కొట్టు లేదమ్మా, ఫోనులోనే కట్టాలి అన్నాను. కొట్టు లేనోడు అప్పెలా ఇచ్చాడని ఆశ్చర్యపోయింది. ముందు పళ్లు తెచ్చుకోవచ్చు కదా, క్రిస్మస్ అయ్యాక కట్టొచ్చు కదా అని నేను నెమ్మదిగా అన్నాను. తక్కువ పడింది నేను వేస్తాననలేదు. వేస్తే ఎందుకు వేస్తున్నారని అడుగుతుంది.

"అప్పుంచుకుని పళ్లెట్టుకుని పాడితే ఆ పాట ఎవుడికి ఇనపడతాది అన్నయ్యగారూ," అంది. "అందరికీ పళ్లే కనపడతాయి."

అప్పటినుంచి కొట్టు దగ్గర కూడా నన్ను అన్నయ్యగారూ అనే పిలిచింది. దానికి అర్థం నాకు ఇప్పటికీ తేలలేదు. దేవుడి లెక్క చూసేవాడిగా పిలిచిందా, లేక ఇక నాకు రెండు లెక్కలు లేవనా.

కట్టవలసిన మూడు వాయిదాలు ఏడు వేల రెండు వందలు, జరిమానా రెండు వేల ఒక వంద, కలిపి తొమ్మిది వేల మూడు వందలు. ఆమె మూట పోగా మిగిలింది అయిదు వేల ఆరు వందల నలభై. ఆ అంకె దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆరు తట్లు, ఒక్కోటి తొమ్మిది వందల నలభై. నా సలహా ఖరీదు కూడా సరిగ్గా అయిదు వేల ఆరు వందల నలభై. నేను ఆ మాట చెప్పకపోయి ఉంటే ఆ డబ్బుతో పళ్ల బాకీ నాలుగున్నర వేలు తీరిపోయి, ఇంకా పదకొండు వందల నలభై మిగిలేది. ఆమె ఎదురుగా నిలబడి ఉంది. నెలకు పద్దెనిమిది వందల ఎనభై చొప్పున మూడు నెలల్లో అయిపోతుందమ్మా అన్నాను.

క్రిస్మస్ నాడు మొదటి కీర్తన పాస్టరుగారి కోడలు ఎత్తుకుంది. బాగానే పాడింది. రెండో చరణంలో వెనక చెప్పుల దగ్గర నుంచి కొంగు చాటున ఒక గొంతు వచ్చి కలిసింది. ముందు వాళ్లు ఒకరిద్దరు తల తిప్పబోయి మానుకున్నారు.

జనవరి, ఫిబ్రవరి, మార్చి. మూడు నెలలూ జీతం పడిన రోజున డబ్బు తెచ్చి, నేను ఫోనులో కట్టేదాకా నిలబడి, ఆకుపచ్చ గుర్తు వచ్చాక వేలితో ఆ గుర్తును ఒకసారి ముట్టుకునేది. మార్చిలో ఆఖరిది కట్టాక, "నా సేత్తోనే తీర్చాను," అంది. ఎంతో తేలికపడింది. ఇక ఏప్రిల్ నుంచి పళ్లకు వేస్తాను, వచ్చే క్రిస్మస్‌కి మన ఆడోళ్లందరినీ పాటలో ఓడిస్తాను అంది. ఆమె ఖాతాలోంచి ఆ డిసెంబరు తరువాత ఎవరూ ముందుగా ఒక్క రూపాయి తియ్యలేదు. అదొక్కటి సరిగ్గా జరిగింది. అది కూడా ఆఫీసరమ్మ చేసింది.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. హాస్టలు వంటింట్లో మధ్యాహ్నం వడ్డన అయ్యాక కూలబడిపోయింది. ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే అయిపోయిందన్నారు. గుండె అన్నారు.

కొండ మీది చెల్లెలికి కబురు సమయానికి అందలేదు. పెట్టె చర్చిలో పెట్టారు. వరసలో నేనూ వెళ్లాను. రెండు చేతులూ గుండెల మీద కట్టి ఉన్నాయి. పళ్లు పోయాక ఆమె నోటికి చెయ్యి అడ్డం లేకుండా నేను చూడడం రెండోసారి. మొదటిసారి నా సలహా విని నవ్వినప్పుడు. పై పెదవి లోపలికి పోయి ఉంది. ఎవరో కొంగు కొస తెచ్చి నోటి మీదుగా వేశారు. ఎవరు వేశారో గాని ఆమెను బాగా తెలిసిన మనిషి.

ఇప్పుడు క్లినిక్ ఫోను వచ్చాక వెళ్లాను. ప్లాస్టిక్ డబ్బా, మీద ఆమె పేరు అతికించిన చీటీ. డాక్టరుగారు మూత తీసి చూపించారు. గులాబీ రంగు చిగుళ్ల మీద తెల్లగా, చిన్నవిగా ఉన్నాయి. ఆమె పళ్లు చిన్నవని నాకు తెలియదు. ఆమె పోయిందని చెప్పి, ఇవి ఇంకెవరికీ పట్టవా అని అడిగాను. అచ్చు ఆవిడ నోటిది కదండీ అన్నారు. నాలుగు వేల అయిదు వందలు బల్ల మీద పెట్టబోతే వద్దన్నారు, పోయిన మనిషి దగ్గర ఏం తీసుకుంటాం, ఆ బాకీ కొట్టేశామన్నారు. మంచి మనిషి. ఆయన బాకీ ఆయన కొట్టేసుకోవచ్చు.

సంత రోజు చూసి కొయ్యూరు బస్సెక్కాను. బ్యాగులో డబ్బా, చొక్కా లోపలి జేబులో అయిదు వేల ఆరు వందల నలభై. ఊరి బయట ఒక కల్వర్టు దాటాం. అదేనా కాదా తెలియదు. దాని మీద ఎవరూ లేరు.

చెల్లెలు పసుపు కొమ్ములు, చింతపండు పెట్టుకుని కూచుంది. అడిగి తెలుసుకోవలసిన పని లేకపోయింది. అదే మొహం. ఎవరితోనో బేరమాడుతూ నోరంతా తెరిచి నవ్వుతోంది, పైన కింద నిండుగా పళ్లు. అక్క నవ్వితే ఎలా ఉండేదో ఆ సంతలో చూశాను.

నేనెవరినో చెప్పాను. లెక్కల బాబు మీరేనా, మా అప్ప చెప్పేది అంది. డబ్బా ఇచ్చాను. తెరిచి, వేలితో ఒక్కో పన్ను తడిమి, మూత పెట్టి ఒళ్లో పెట్టుకుంది. సమాధుల పండుగకు నర్సీపట్నం వస్తాను, మట్టి తీసి అప్ప దగ్గరే పెట్టేస్తాను అంది. అప్పుడు డబ్బు తీశాను. ఏమని చెప్పాలో బస్సులో అనుకున్నదే చెప్పాను. సంఘం తరఫున సహాయం అన్నాను.

ఆమె నోట్లు ముట్టుకోలేదు.

"మాయప్ప సంగానికి ఇచ్చేదే గానీ పుచ్చుకునేది కాదు బాబూ. ఇది సంగం డబ్బు కాదు. ఏటి డబ్బో సెప్పండి, తీసుకుంటాను."

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా మొహంలోకి చూస్తూ ఆగింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం లేదు, ఆ మొహం మీద ఏముందో మొత్తం కనిపిస్తోంది. ఆరు తట్లు అని మొదలుపెడదామనుకున్నాను. ఈలోపు ఎవరో వచ్చి చింతపండు కిలో ఎంత అని అడిగారు. ఆమె తక్కెడ అందుకుని అటు తిరిగింది. తూచి, పొట్లం కట్టి, చిల్లర ఇచ్చి మళ్లీ ఇటు తిరిగేసరికి నేను నోట్లు జేబులో పెట్టుకుని లేచి ఉన్నాను. మళ్లీ వస్తానమ్మా అన్నాను. మంచిది బాబూ అంది.

ఆ డబ్బు వేరే పెట్టాను, దేనికీ ముట్టుకోలేదు. ఎవరికివ్వాలో తెలుసు, ఏం చెప్పి ఇవ్వాలో కూడా తెలుసు. అయిదు వేల ఆరు వందల నలభై రూపాయలు.